గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లిన పడవ మనిషి

మా మేనకోడలు సాధించిన మొదటి విజయం, ఒక ముసలమ్మను, రెండు మేకలను ఏటి అవతలి ఒడ్డుకు చేర్చడం. అంతకుముందు ఇరవై మూడు సార్లు పడవ బోల్తా పడింది. ఇరవై మూడు సార్లూ ముసలమ్మ తడిసి ముద్దయి ఒడ్డెక్కి, "ఇంకోసారి చూద్దామా తల్లీ" అంది. మేకలు ఏమీ అనలేదు. ఇరవై నాలుగోసారి పడవ అవతలి రేవు గుంజకు తగిలి ఆగింది. ముసలమ్మ దిగింది, మేకలు దిగాయి. మెరుపులు మెరవలేదు, ఢంకాలు మోగలేదు, తెర మీద మెచ్చుకోలుగా ఒక్క అక్షరం కూడా పడలేదు. మా పిల్ల మాత్రం కుర్చీలోంచి లేచి, "అత్తా! దిగింది! మేకలతో సహా దిగింది!" అని అరిచిన అరుపుకు పక్క వాటా వాళ్లు తలుపు తీసి చూశారు.

ఇదంతా కంప్యూటర్ ఆటలో జరిగింది. నవ్వాలనుకున్నవాళ్లు ఇక్కడే నవ్వేయండి. ముందు ముందు తీరిక ఉండదు.

నేను ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఒకటే గది, ఒకరే మాస్టారు. మనిషి గురించి రాయమంటే ఎలాంటివారో రాయొద్దు, ఏం చేశారో రాయమనేవారు ఆయన. తరువాత ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి బట్టల గదిలో పనిచేశాను. చివరి పన్నెండేళ్లు ఆ గదికి నేనే పెద్దను. నా చేతి మీదుగా వార్డుకు వెళ్లిన దుప్పట్లలో చిరుగుందని తిరిగి వచ్చింది ఒక్కటీ లేదు. గొప్ప చెప్పుకోవడానికే ఈ మాట రాస్తున్నాను, దాపరికం దేనికి? పని అంటే ఏమిటో తెలిసిన మనిషి చెబుతోందని చదివేవారికి తెలియాలి కదా.

మా తమ్ముడు, మరదలు ఇద్దరూ ఓడలో వంటవాళ్లు. ఆరు నెలలకోసారి ఇంటికి వస్తారు. అందుకని వాళ్ల పిల్లలిద్దరూ నా దగ్గరే పెరిగారు. పెద్దవాడు ఇప్పుడు నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడు. రెండోది ఈ పిల్ల. పుట్టినప్పుడు చేతికి అందీ అందనంత చిన్నగా ఉండేది, కానీ వేలు పట్టుకుందంటే వదిలేది కాదు. మా తమ్ముడు చూసి, "ఇది పిల్ల కాదక్కా, సీల" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇవాళ ముప్పై నాలుగేళ్లు వచ్చినా ఇంట్లో దాన్ని సీల అనే పిలుస్తాం. గోడలో దిగిన సీల ఎలాంటిదో అదీ అలాంటిదే.

బడిలో నాటకం వేస్తూ గొంతు బాగుందని దీన్ని రాణిని చేశారు. ఇది వెళ్లి, తెర లాగే పని ఇమ్మంది. టీచరమ్మ నన్ను పిలిపించి, "పిల్ల బెదురుతున్నట్టుంది, మీరు చెప్పండి" అన్నారు. నేను అడిగితే ఏమందో తెలుసా? "రాణి చెప్పేవి నాలుగు మాటలు అత్తా. తెర లాగకపోతే ఆ నాలుగూ ఎవరు చూస్తారు?" ఆ ఏడాది తెర ఒక్కసారి కూడా మధ్యలో ఇరుక్కోలేదు. బడి చరిత్రలో అదే మొదటిసారి అని ప్యూను స్వయంగా నాతో చెప్పాడు.

చదువయ్యాక లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంది. ఆరేళ్లు లిఫ్టు గోతిలో నిలబడి గ్రీజు పూసింది, ఇనుప తాళ్లు తడిమి తడిమి ఏ పోగు తెగిందో వేలితో చెప్పడం నేర్చుకుంది. ఇప్పుడు నలభై రెండు భవనాల లిఫ్టులు దీని చేతిలో ఉన్నాయి. ఒకసారి ఒక భవనంలో నాలుగో అంతస్తుకు, ఐదో అంతస్తుకు మధ్య తొమ్మిది మంది ఇరుక్కుపోయారు. ఇది పైన మోటారు గదిలోకి వెళ్లి, చక్రం చేత్తో తిప్పుతూ, నలభై నిమిషాలు అంగుళం అంగుళం చొప్పున దింపింది. అందరూ చప్పట్లు కొట్టారు. భవనం కమిటీవాళ్లు వేదిక వేసి సన్మానపత్రం ఇస్తామన్నారు.

ఇది వెళ్లి వాళ్ల ముందే, "లిఫ్టు ఆగిందంటే పనిలో లోపం ఉన్నట్టు. లోపానికి సన్మానమేంటండీ? పత్రం వద్దు, తలుపు రోలర్లు మార్చడానికి సంతకం పెట్టండి. ఏడాదిగా అడుగుతున్నా" అంది.

కమిటీ పెద్దమనిషి నవ్వి, "నీకు పుట్టుకతో వచ్చిన వరమమ్మా ఇది" అన్నాడు.

"పుట్టుకతో నాకు కామెర్లు వచ్చాయండి. పని ఆరేళ్లు గోతిలో నిలబడితే వచ్చింది" అంది.

సంతకం పెట్టారు. రోలర్లు మారాయి. ఆ లిఫ్టు ఇంతవరకు మళ్లీ ఆగలేదు.

ఇక ఆట సంగతి. పదకొండేళ్ల కిందట దీని అన్న, ఆ ట్యాంకరువాడు, తనకు నచ్చిన ఆట ఒకటి చెల్లెలి కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చాడు. మొదటి రోజు నేను పక్కనే కూర్చుని బఠాణీలు వలుస్తున్నాను. తెర మీద కూలిపోయిన రాతి మంటపం ఒకటి కనిపించింది. లోపల తెల్లగడ్డం పెద్దాయన ఒకరు రెండు చేతులతో గిన్నె పట్టుకుని నిలబడ్డారు. "రమ్ము, లోకరక్షకా! యుగయుగాలుగా నీకొరకే వేచియున్నాము. ఈ పానము స్వీకరింపుము" అని కింద అక్షరాలు పడ్డాయి.

"ఎవరే ఆయన?" అన్నాను.

"నేను లోకరక్షకుడినట అత్తా."

"నువ్వా? నిన్నెప్పుడు చూశాడు?"

"అదే కదా! ఇప్పుడేగా తలుపు తీసుకుని వచ్చాను. పేరు కూడా అడగలేదు. ఎవరొస్తే వాళ్లకే చెప్తాడు ఈ మాట."

"మరి గిన్నెలో ఏముంది?"

"శక్తులు. తాగితే అరచేతిలో గుర్తు పడుతుంది. నిప్పు విసరొచ్చు, కొండలు దూకొచ్చు. నలభై గంటల్లో నల్లరాజుని చంపేస్తే అయిపోయినట్టే."

"చంపేశాక?"

"ఏముంటుంది, ఆట చేసినవాళ్ల పేర్లు పడతాయి."

కాసేపు అటూ ఇటూ చూసింది. మంటపం వెనక చీపురు ఆనించిన చిన్న తలుపు ఒకటి కనిపించింది. పెద్దాయనను గిన్నెతో అలాగే నిలబెట్టి, ఆ తలుపులోంచి బయటికి నడిచింది. కొండ దిగితే ఏరు. ఏటి ఒడ్డున ఒక పాత పడవ, అవతలికి వెళ్లాలని కూర్చున్న ముసలమ్మ, రెండు మేకలు. తరువాతి కథ మొదట్లోనే చెప్పాను.

ఆ సాయంత్రం నుంచి ఈ పదకొండేళ్లలో మా సీల ఆ ఆటలో చేసినవి రాస్తే ఒక పుస్తకం అవుతుంది. తాడు పేనడం నేర్చుకుంది. ఓటి పడవ పారేసి కొత్తది కట్టుకుంది. రేవుకు మెట్లు వేసింది. ఒక వర్షాకాలం ఆటలో ఏరు పొంగి ఊరు మునుగుతుంటే అరవై రెండు సార్లు తిరిగి ఊరందరినీ ఎత్తు మీదికి చేర్చింది. అదే వేళకు ఆకాశంలో తొమ్మిది మంది రక్షకులు, అంటే గిన్నె తాగిన ఆటగాళ్లు, నల్లరాజు కోట మీదికి ఎగురుకుంటూ పోయారు. కింద నీళ్లలో అరుస్తున్న జనం వంక ఒక్కరూ వంగి చూడలేదు. నేను చూశాను. నా కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

దీని అన్న ఆ తొమ్మిది మందిలో ఒకడు. ఆదివారం ఇంటికి వచ్చి ఎగతాళి మొదలుపెట్టేవాడు. "ఏమే, లోకమంతా రాజ్యాలు గెలుస్తుంటే నువ్వింకా మేకల్ని దాటిస్తున్నావా?"

"నువ్వు నల్లరాజుని ఎన్నిసార్లు చంపావన్నయ్యా?"

"మూడుసార్లు!"

"మూడుసార్లు చంపినా చావనివాడిని చంపావని ఎలా చెప్పుకుంటున్నావు? నేను దింపినవాళ్లు దిగారు. మళ్లీ దింపమని రాలేదు."

వాడు నా వంక చూసి, "అత్తా, దీన్ని నువ్వే చెడగొట్టావ్" అనేవాడు. "అవునురా, నేనే" అనేదాన్ని.

గిన్నె తాగకుండా ఆ ఆటలో బతుకుతున్నవాళ్లు ఇంకా ఉన్నారని మెల్లగా తెలిసింది. ఇళ్లకు పెంకులు వేసే ఒకాయన, పిండిమర నడిపే ఒకామె, ఒక మంత్రసాని. అలా ఒకరొకరుగా నలభై ఒక్క మంది పోగయ్యారు. అసలు పేర్లు ఎవరివీ ఎవరికీ తెలియవు. పెంకులాయన, పిండిమర, అలాగే పిలుచుకుంటారు. మా సీలను పడవక్క అంటారు. గుంపుకు ఒకే ఒక్క నియమం. అరచేతిలో గుర్తు ఉన్నవాళ్లు ఇందులో ఉండరాదు. ఆ నియమం రాసింది మా సీలే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పబోతున్నాను.

పోయిన ఏప్రిల్‌లో ఒక లిఫ్టు తలుపు సరిచేస్తుంటే స్ప్రింగు ఎగిరి దీని మణికట్టు మెలిపడింది. మూడు వారాలు చెయ్యి కదపరాదని కట్టు కట్టారు. ఆఫీసువాళ్లు సెలవిచ్చారు. ఏరు సెలవివ్వదు కదా. ఆ ఆటలో మూడు రోజులు పడవ తిరగకపోతే ఒడ్డున కూర్చున్న జనం లేచి వెళ్లిపోతారు. రేవు పాడుబడుతుంది, ఊరు ఖాళీ అవుతుంది.

"నేను తోస్తానే" అన్నాను.

"నువ్వా?"

"ఏం, తడిసిన దుప్పట్ల బండి ముప్పై ఒక్క ఏళ్లు తోసినదాన్ని. పడవ తొయ్యలేనా?"

ఎడమ తెడ్డుకు ఈ బటన్, కుడి తెడ్డుకు ఈ బటన్, ఎక్కించుకోవడానికి ఇది, దింపడానికి ఇది అని చూపించింది. నాలుగు రోజులు పక్కన కూర్చుని నేర్పింది. ఐదో రోజు ఒంటరిగా తొమ్మిది మందిని దాటించాను. ఒక్కరు కూడా తడవలేదు. ఇది నా విజయం, కనుక రాస్తున్నాను.

ఆరో రోజు ఉదయం ఇది కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. నేను రేవులో ఉన్నాను. ఎండ కాస్తోంది. అంతలో కొండ మీది తెల్లగడ్డం పెద్దాయన మెట్లు దిగి వచ్చారు. పది రోజులకోసారి అలా వస్తారని, వద్దు అనే బటన్ నొక్కితే వెళ్లిపోతారని నాకు చెప్పే ఉంది. నేను మరిచిపోలేదు కూడా. కానీ ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డారు. వయసు మీద పడ్డ మనిషి. చేతులు వణుకుతున్నాయి. ఎండలో అంత దూరం నడిచివచ్చి రెండు చేతులతో గిన్నె చాపారు. మా ఇంట్లో పెద్దవాళ్లు రెండు చేతులతో ఏదైనా ఇస్తే వద్దనడం నేర్పలేదు. మంచినీళ్లయినా ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టాలి. నా వేలు దానంతట అదే వెళ్లి "స్వీకరించు" మీద పడింది.

తెర అంతా వెలిగిపోయింది. ఢంకాలు మోగాయి. ఇంట్లో గాజు గ్లాసులు అదిరాయి. పడవ మనిషి, అంటే తెర మీది సీల బొమ్మ, అరచేతిలో కుంపటి ముట్టించినట్టు ఎర్రటి గుర్తు లేచింది. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, "నేటికి మా నిరీక్షణ ఫలించెను" అన్నారు.

సీల వచ్చి చెప్పులు విడుస్తూనే తెర చూసింది.

"ఎవరిచ్చారు?" అంది.

"పెద్దాయన."

"తాగావా?"

"ఎండలో నిలబడ్డాడే. చేతులు వణుకుతుంటే..."

వెళ్లి ముఖం కడుక్కుంది. చాలాసేపు కుళాయి కట్టలేదు. తిరిగి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "అత్తా, పదకొండేళ్లు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు రేవులో ఏం జరిగిందో చెబితే సంగతి అర్థమవుతుంది. ఎడమ చేత్తో ఆడుతూ పడవ దగ్గరకు వెళ్లింది. ఒడ్డున కూర్చున్న జనమంతా లేచి సాగిలపడ్డారు. "రక్షకా! తాము తెడ్డు పట్టుటయా! మేము ఎక్కజాలము!" ఒక్కరూ ఎక్కలేదు. సరే, ఖాళీ పడవే తోద్దామని నీళ్లలో కాలు పెట్టింది. గిన్నె తాగినవారికి నీరు దారి ఇస్తుందట. ఏరు నిలువునా రెండుగా చీలిపోయింది. పడవ ఇసుకలో కూలబడి పక్కకు ఒరిగింది. మా సీల చుట్టూ పొడి ఇసుక, రెండు పక్కలా నీటి గోడలు. పడవ మనిషికి ఏరే లేకుండా పోయింది.

అన్న వచ్చి చూసి చంకలు గుద్దుకున్నాడు. "అదృష్టమంటే ఇదేనే! ఇప్పటికైనా ఆట ఆడు. ఎగరడం నేర్పిస్తా రా."

"అన్నయ్యా, నీ ట్యాంకరు వీధిలోకి రాగానే జనం బిందెలు పారేసి నీ కాళ్ల మీద పడితే ఏం చేస్తావ్?"

"ఏముంది, లేవమంటాను."

"లేవరు. నీళ్లూ పట్టుకోరు. ట్యాంకరు నిండుగా అలాగే ఉంటుంది, వాళ్ల బిందెలు ఖాళీగా ఉంటాయి. అదీ నా అదృష్టం."

వాడు ట్యాంకరు తాళాలు తీసుకుని లేచాడు. ఎగరడం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆట తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాసింది. "మీకు అభినందనలు! ఇంత గొప్ప శక్తిని ఎందుకు వదులుకోవాలనుకుంటున్నారు?" అని జవాబు వచ్చింది. మళ్లీ రాసింది. మొదటి నుంచి కొత్తగా మొదలుపెట్టుకోమన్నారు. పదకొండేళ్ల రేవు, పడవ, దారిలో పలకరించే జనం, అన్నీ పోతాయి. మూడోసారి రాసిన ఉత్తరం నేను చదివాను. "నేను అడగని దాన్ని నాకు అంటగట్టి అభినందనలు చెప్పకండి. ఎక్కడ తిరిగి ఇవ్వాలో చెప్పండి." అంతే ఉంది అందులో.

దానికి మాత్రం ఎవరో మనిషన్నవారు జవాబు రాశారు. ఉత్తరాన చివరి కొండ మీద, గిన్నె మొదట పుట్టిన చోట, రాతి పీట ఒకటి ఉందట. దాని మీద వస్తువులు పెట్టవచ్చట. తాగినవాళ్లు మొదటి నిప్పు విసిరేవరకు ఆ గిన్నె సంచిలోనే ఉంటుంది, విసరగానే కరిగిపోతుంది. "తిరిగి ఇవ్వడం గురించి మేము ఆలోచించలేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు. పీట మీద పెడితే ఏమవుతుందో మాకూ తెలియదు" అని రాశారు.

సీల ఆ సాయంత్రమే గుంపు ముందు విషయం పెట్టింది. ఆట మధ్యలో మైకులో మాట్లాడుకుంటారు. నేను పక్కన కూర్చుని విన్నాను. దారి మామూలుది కాదు. నల్లరాజు మనుషులు పడవ వాళ్లను, పిండి వాళ్లను పట్టించుకోరు, అరచేతి గుర్తు ఉన్నవాళ్లను మాత్రం వెతికి వేటాడతారు. వాళ్ల చేతిలో చస్తే పెద్దాయన మళ్లీ గిన్నె తాగించి లేపుతారు, ఆ తరువాత తిరిగి ఇవ్వడమన్నది ఉండదు. నిప్పు విసిరి తప్పించుకుందామంటే గిన్నె కరుగుతుంది.

పెంకులాయన ముందు దగ్గి, "అమ్మా పడవక్కా, కష్టంగానే ఉంది చెప్పడం. నియమం రాసింది నువ్వే కదా" అన్నారు.

"నేనే రాశాను. మార్చమని అడగను. నా పేరు కొట్టెయ్యండి. గిన్నె తిరిగి ఇచ్చి వచ్చి, చెయ్యి చూపించి మళ్లీ రాయించుకుంటా."

"చేసింది అది కాదు, నేను!" అని నేను మైకులోకి అరిచాను.

"ఎవరు మాట్లాడేది?" అంది పిండిమర నడిపే ఆమె.

"మా అత్త" అంది సీల. "అత్త తప్పేం లేదు. గిన్నె చాపినవాడిదే తప్పు. పదకొండేళ్లు వద్దన్నా పన్నెండో ఏడు మళ్లీ చాపాడు."

పిండిమర ఆమె నవ్వింది. "సరే, పేరు కొట్టేశాం. ఇప్పుడు చెప్పు, గుంపులో లేనిదాన్ని పిండి సంచిలో వేసుకుని మోయకూడదని ఏ నియమంలోనైనా ఉందా?"

"లేదు" అన్నారు పెంకులాయన. "పెంకుల కింద పడుకోబెట్టకూడదని కూడా లేదు."

అలా తేలింది. ఉత్తరపు కొండకు తొమ్మిది మజిలీలు. ప్రతి మజిలీకీ గుంపులో ఒకరు తమ బండిలోనో మూటలోనో దాచి అప్పగించాలి. ఇది పగలు లిఫ్టు పనికి వెళ్లాలి, ఆ మనుషులూ పనులకు వెళ్లాలి, కాబట్టి సాయంత్రానికి ఒక మజిలీ. వెళ్లడానికి తొమ్మిది సాయంత్రాలు, పీట దగ్గర ఒకటి, రావడానికి తొమ్మిది. జూన్ మూడున బయలుదేరింది. మిగతా రక్షకులు అదే కొండకు ఎగిరితే నాలుగు నిమిషాల్లో వెళ్తారట. వెళ్లనీ, తిరిగి ఇచ్చెయ్యాల్సిన శక్తి వాడుకుని వెళ్లనంది సీల.

మరి రేవు? సీల చెయ్యి బాగాలేదని ఇన్నాళ్లూ వంతులేసుకుని తోసిన తొమ్మిది మందే ఇప్పుడు తలా ఒక మజిలీ మీద ఉంటే పడవ ఎవరు తొయ్యాలి? నేనే తోస్తానన్నాను. దాని బొమ్మతో కుదరదు, అది దారిలో ఉంది. నాకంటూ కొత్త బొమ్మ కావాలి. ట్యాంకరువాడు తన పాత కంప్యూటర్ మోసుకొచ్చి నా మంచం పక్కన బల్ల మీద పెట్టాడు.

"అత్తా, నీ వయసెంత?"

"అరవై ఎనిమిది. ఏం, ఆటకు అడ్డమా?"

"అడ్డం కాదు. మళ్లీ ఆ గడ్డం ఆయన చేతులు చూసి కరిగిపోతావేమోనని."

మంటపంలో కళ్లు తెరవగానే ఆయన నా ముందున్నారు. అదే గడ్డం, అవే చేతులు. "లోకరక్షకా!" అన్నారు. నేను ఏ బటనూ నొక్కకుండా ఉండటం చూసి సీల, "నేను నొక్కనా?" అంది. వద్దన్నాను. ఆయన బదులు చెప్పలేరని తెలిసినా గట్టిగా పైకే చెప్పాను: "మన్నించండి. మీరు పెద్దవారు. కానీ మీరు ఇచ్చిన దానివల్ల మా పిల్ల పని పోయింది. మీరు తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో నాకు తెలియదు. నేను తీసుకోను." వద్దు అన్న బటన్ నొక్కాను. చీపురు పక్కకు జరిపి, వెనక తలుపు తీసుకుని, కొండ దిగాను. నా జీవితంలో పెద్దవాళ్లు ఇచ్చింది కాదన్నది అదే మొదటిసారి. అయినా దిగాను.

సొంతంగా పడవ తొయ్యడం వేరు. సీల బొమ్మకు పదకొండేళ్ల కండ ఉంది, నాది నిన్న పుట్టిన బొమ్మ. ముప్పై ఎనిమిది సార్లు బోల్తా పడ్డాను. ముప్పై తొమ్మిదోసారి ఒక కుండల బేరగాడిని అవతల దింపాను. కుండల్లో రెండు పగిలాయి. ఆయన ఏమీ అనుకోలేదు.

రోజూ ఇది పని నుంచి వచ్చి, చేతులకున్న గ్రీజు కడుక్కుని, కూర్చుంటుంది. నేను నా బల్ల దగ్గర, అది దాని బల్ల దగ్గర. మొదటి మజిలీ పెంకుల బండిలో, రెండోది పిండి సంచిలో, మూడోది మంత్రసాని బట్టల మూటలో. నాలుగో మజిలీ గడ్డి బండిలో. నల్లరాజు మనుషులు దాన్ని ఆపి ఈటెలతో గడ్డిలో పొడిచారు. తెర అంచున గీతగా చూపించే సీల ప్రాణం మూడో వంతుకు పడిపోయింది. దాని వేలు నిప్పు బటన్ మీదికి వెళ్లడం నేను చూశాను. నొక్కలేదు. బండివాడు ఏవో మాటలు చెప్పి దాటించేశాడు. బండి కదలగానే ఇది లేచి పనిసంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. కీబోర్డు మీద ఆ నిప్పు బటన్‌ను పెకలించి నా చేతిలో పెట్టింది.

"దాచెయ్ అత్తా. భయమేస్తే వేలు నా మాట వినదు."

నేను దాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టాను. ఇంతకంటే గొప్ప పరాక్రమం ఎవరైనా చూసి ఉంటే నాకు రాసి పంపండి.

నేను ఇది రాస్తున్నది జూన్ ఎనిమిది. ఈ సాయంత్రానికి ఆరు మజిలీలు దాటింది. ఇందాక అన్నం దగ్గర అడిగాను. "ఒసే, పీట మీద పెట్టినా ఆ గుర్తు పోకపోతే?"

"పోకపోతే అరచేతికి గుడ్డ కట్టుకుంటా."

"జనం ఎక్కరు కదా."

"ఖాళీ పడవ తోస్తా. ఎన్నాళ్లు మోకాళ్ల మీద ఉంటారు? నొప్పులు పుట్టి వాళ్లే లేస్తారు."

"ఏరు చీలిపోతుందే పిచ్చిదానా!"

"ఇసుకలో లాగుతా. తాడు ఉంది, పేనింది నేనే."

ఇంకేం అడుగుతాను? మజ్జిగ పోశాను, తాగింది.

అరచేతి గుర్తు చెరిగినా శక్తి నిజంగా పోయిందో లేదో తెలిసేది, తిరుగుదారిలో మా ఏటి ఉత్తరపు ఒడ్డునే. ఆ ఒడ్డుకు వచ్చి నీళ్లలో కాలు పెట్టగానే ఏరు చీలిపోతే ఒక సంగతి. చీలకపోతే దాటడానికి దానికి పడవ కావాలి, అప్పుడది ఒడ్డున నిలబడి కేకెయ్యాలి. ఆ కేకకు పడవ తీసుకెళ్లవలసింది నేను. పెంకులాయన, పిండిమర, అందరూ ఆ పూటకు రేవుకు వస్తామన్నారు. ట్యాంకరువాడు కూడా వస్తానన్నాడు, ఎగరకుండా నడిచి రమ్మన్నాం. కొట్టేసిన పేరు మళ్లీ రాయడానికి జాబితాలో ఒక వరుస ఖాళీగా ఉంచారు. దారిలో ఏ మజిలీ తప్పకపోతే మా సీల ఉత్తరపు ఒడ్డుకు చేరేది జూన్ ఇరవై ఒకటి, ఆదివారం సాయంత్రం.